లేవని కంప్యూటరు, గుమ్మం బయటి మనిషి

మా స్టూడియో చీపురుపల్లిలో, స్టేషన్ నుంచి వచ్చే రోడ్డు మీద ఉంటుంది. పెళ్లి ఫొటోలు, పెళ్లి వీడియోలు మా బతుకు. తీసేది మా బావ. బావంటే నా మొగుడే. మేనత్త కొడుకుని చేసుకున్నాను కాబట్టి చిన్నప్పటి పిలుపు పెళ్లయ్యాక కూడా మారలేదు. ఆల్బమ్‌లు పేర్చడం, వచ్చినవాళ్లకి సమాధానం చెప్పడం, వాళ్ల మీద అరవకుండా ఉండటం నా పని. ఆ చివరిది మాత్రం నాకు ఇప్పటికీ పట్టుబడలేదు.

మాఘం వచ్చిందంటే మాకు తిండి సయించదు. మంచి ముహూర్తం ఒకటుంటే చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ దాని మీదే పడతాయి. ఈ ఊళ్లో తాళి కట్టించి, ఆ ఊళ్లో అప్పగింతలకి పరిగెత్తాలి. కెమెరా కార్డులు అన్నిటికీ చాలవు. అందుకని బావ వచ్చీ రాగానే కార్డులో ఉన్నదంతా కంప్యూటర్లో పోసేసి, కార్డు చెరిపేసి, మళ్లీ కెమెరాలో దోపుకుని వెళ్లిపోతాడు. అంటే ఆ రోజుల్లో ప్రతి పెళ్లీ ఒక్కచోటే ఉంటుంది, మా కంప్యూటర్లో. కంప్యూటరూ ఒక్కటే. అది తల్చుకుంటే నాకు నిద్ర పట్టదు. బావకి ఆ బెంగ లేదు. ఆయన బెంగల్లా అది నెమ్మదిగా నడుస్తోందనే.

వీడియో మిక్సింగ్ అవుతున్నంతసేపూ దాని పక్కన కూర్చుని గొణుగుతాడు. ఫోన్లో ఎవరో చెబుతుంటే విన్నాడు, కంప్యూటర్ని తయారుచేసినవాళ్లు పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడిపించొచ్చట. దాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారని నాకే పాఠం చెప్పాడు. పెళ్లికి ముందు కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పినదాన్ని నేను.

"దాని సత్తువెంతో సూసే పెట్టుంటారు బావా. మనం అదిలిస్తే ఏటొస్తాది?" అన్నాను.

"ఆల్లు బయపడి తక్కువ పెడతారే. లోపల ఇంకా ఉన్నాది," అన్నాడు.

మనుషుల గురించి కూడా ఆయన అభిప్రాయం అదే, ముఖ్యంగా నా గురించి.

మొదట కొంచెం పెంచాడు. నిజం చెప్పొద్దూ, పని త్వరగానే అయింది. ఇక చూడండి, రోడ్డు మీద పోయేవాళ్లని పిలిచి మరీ చెప్పాడు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మా అత్త అంటుంది గానీ, కొడుక్కి ఆ నీళ్లు ఎప్పుడూ రుచించలేదు. ఒకరోజు కొట్టు మూసేముందు మెమరీ వేగం కూడా పెంచేసి, ఎలా ఉందో రేపు చూద్దామని తాళం వేసి వచ్చేశాడు.

ఆ రేపు పొద్దున్న బటన్ నొక్కితే లోపల ఫ్యాన్లు తిరిగాయి. లైటు వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కాసేపటికి ఫ్యాన్లు వాటంతటవే ఆగిపోయాయి. మళ్లీ వాటంతటవే తిరిగాయి, మళ్లీ ఆగిపోయాయి. ఉబ్బసం మనిషి ఊపిరి అందక ఎగబీల్చినట్టుంది. బావ నా వైపు చూడలేదు. చూసుంటే నేనేమంటానో తెలుసు.

ఇంకే రోజైనా అయితే తిట్టి ఊరుకునేదాన్ని. ఆ రోజు నౌపడ నుంచి తల్లీ కూతుళ్లు వస్తున్నారు.

ఆ తల్లి భర్త ఉప్పు మడుల్లో పనిచేసి ముసలాడైన మనిషి. నెల కిందట పోయాడు. పోయేముందు ఆయన వెళ్లిన ఆఖరి శుభకార్యం మా చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో, చెల్లెలి మనవరాలి పెళ్లి. ఆ పెళ్లి వీడియో తీసింది మా బావే. కూతురు ఫోన్ చేసి నాతోనే మాట్లాడింది. వాళ్ల దగ్గర ఆయన ఫొటో ఒక్కటీ లేదట. ఫొటో దిగితే ఆయుష్షు తరిగిపోతుందని ఆయన నమ్మకం. సెల్లు ఎత్తితే చాలు, చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ పిల్ల ఫోన్ నిండా వాళ్ల నాన్న అరచేతులే ఉన్నాయట.

"ఆధార్‌లో ఉంటుంది కదమ్మా?" అన్నాను.

"ఉన్నాది వదినా. పెద్దకార్యానికి దాన్నే పెద్దది సేయించి ఎట్టినాం. దొంగతనం సేసి దొరికిపోనోడిలాగ ఉన్నాడు. మా అమ్మ సూసి, ఈ మనిసి నాకు తెలీదని గోడవేపు తిప్పీసినాది."

రేపు నెల మాసికం. పటం పెట్టి దండ వెయ్యాలి. ఆ పెళ్లిలో ఆయన వడ్డన చేశాడట. భోజనాల బంతి మీద కెమెరా తిప్పకుండా మా బావ ఏ పెళ్లీ వదలడు. తిప్పకపోతే, మా పెద్దనాన్న భోంచేసింది వీడియోలో లేదేమని పెళ్లివాళ్లు నిలదీస్తారు. కాబట్టి ఆయన ముఖం ఆ వీడియోలో ఎక్కడో ఉండే ఉంటుంది. "వచ్చీండి, తీసి ఇచ్చీస్తాను," అని బావ మాటిచ్చాడు. ఆ వీడియో ఇంకా పెళ్లివాళ్లకి ఇవ్వలేదు. కార్డు చెరిపేశాం. ఆ ముసలాయన ముఖం భూమ్మీద ఉన్నది ఇక ఆ నల్ల తెర వెనకాలే.

"డిస్కు తీసి ఇంకో స్టూడియోలో పెట్టి సూద్దాం," అన్నాను.

బావ గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతు సవరించుకుంటే నాకు భయం. డిస్కులు రెండున్నాయట. వేగం కోసం ఆ రెంటినీ ఒక్కటిగా కలిపేశాడట, ప్రతి వీడియో సగం ఇందులో, సగం అందులో పడేలా. తీసి ఇంకోచోట పెట్టడంలో ఏదైనా తేడా వస్తే రెండు సగాలూ పనికిరావట. ఇది నాకెప్పుడూ చెప్పలేదు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. తిట్టడానికి తరవాత బోలెడు టైముంటుంది, అప్పుడు లేదు.

పక్క రేకు విప్పి కంప్యూటర్ని బల్ల మీదకి ఎక్కించాం. మెమరీ ముక్కలు పీకి, వాటి బంగారు రంగు అంచుని పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాం. అదే వరస. ఒకటి తీసేసి ఒకదాంతోనే చూశాం. ముక్కలు అటూ ఇటూ మార్చాం. ప్రతిసారీ బటన్ నొక్కి ఇద్దరం ఊపిరి బిగబట్టడం, ఫ్యాన్లు తిరగడం, ఆగడం. తెర మీద ఒక్క అక్షరమైనా వస్తే దణ్ణం పెట్టేసేదాన్ని. రాలేదు.

బావ ఫోన్లో వెతికి, రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుందని, అది తీసేస్తే కంప్యూటర్ మనం పెట్టిన వేగాలన్నీ మరిచిపోయి మొదటి నడకకి వచ్చేస్తుందని చదివాడు. స్క్రూడ్రైవర్ కొసతో దాన్ని ఊడదీశాడు. చెమటకి చెయ్యి జారి బిళ్ల బల్ల కిందకి దొర్లిపోయింది. ఇద్దరం మోకాళ్ల మీద పాకి వెతుకుతుంటే, గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడయింది.

వాళ్లొచ్చేశారు.

కూతురు లోపలికొచ్చింది. తల్లి రాలేదు. గుమ్మం బయట, మెట్టు మీద, రోడ్డుకి వీపు పెట్టి కూర్చుంది. పలచటి మనిషి. కాళ్ల పగుళ్లు తెల్లగా ఉన్నాయి. బోసి నుదురు కనబడకుండా కొంగు లాక్కుంది.

"లోపలికి రండమ్మా, ఎండ," అన్నాను.

"వద్దమ్మా. పెళ్లిబొమ్మలు ఉన్నాయి గోడనిండా. నాను తొక్కకూడదు. నాకింకా నిద్రలు అవనేదు."

భర్త పోయినావిడని ముందు పుట్టింటివాళ్లో దగ్గరివాళ్లో తీసుకెళ్లి రాత్రి నిద్ర చేయించాలి. అప్పటిదాకా ఆవిడ ఎవరింటి గడపా తొక్కకూడదు. ఈ లెక్కలన్నీ నాకూ తెలుసు, మా ఇళ్లలోనూ ఉన్నాయి. తెలిసి ఏం లాభం? ఆ ఎండలో అలా ముడుచుకు కూర్చున్న మనిషిని చూస్తే ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. మంచినీళ్లిచ్చి వచ్చాను.

కూతురికి సంగతి చెప్పక తప్పలేదు. మెల్లగానే చెప్పాను గానీ, మెట్టు మీదకి వినబడింది.

"ఆగిపోనాదేటి?" అంది ఆవిడ, తల తిప్పకుండా. "నాను రాగానే ఆగిపోనాదేటి?"

"కాదమ్మా, పొద్దుటినుంచీ ఇంతే. మా ఆయన తెలివితేటలు."

"నా ఎదురు మంచిది కాదు తల్లీ. రావద్దంటే ఇనకుండా వచ్చినాను."

నేను బావ వైపు చూశాను. ఆయన మెట్టు వైపు చూస్తున్నాడు. తరవాత కంప్యూటర్ వైపు చూశాడు. ఇరవై నాలుగ్గంటలూ పెళ్లిళ్లలో బతికేవాడు, శకునం చూడకుండా కెమెరా సంచీ భుజానికెత్తనివాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. తన చేత్తో కంప్యూటర్ పీక నొక్కి, ఆ పాపం వాకిట్లో కూర్చున్న దిక్కులేని మనిషి ఖాతాలో వేస్తున్నాడు. ఆ క్షణం ఆయన్ని చూస్తే అసహ్యం వేసింది, మొగుడైనా సరే.

బిళ్ల దొరికింది. కాసేపాగి మళ్లీ బిగించాడు. బటన్ నొక్కాడు. తిరిగింది, ఆగింది. ఇంకోసారి ఊడదీసి ఈసారి ఎక్కువసేపు ఉంచాడు. అదే.

"ఇంకేటి సేస్తామే?" అన్నాడు. ఆ గొంతు వినగానే నా కోపం సగం భయమైపోయింది. బావకి ఏదో ఒకటి తోచకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

అంతలో ఒక కొత్త జంట ఆల్బమ్ తీసుకెళ్లడానికి బండి దిగారు. అమ్మాయి చేతుల గోరింటాకు ఇంకా వదల్లేదు. వాళ్లని చూసి మెట్టు మీది మనిషి గబుక్కున లేచి, మా బోర్డు స్తంభం వెనక్కి వెళ్లి గోడకేసి నిలబడింది. ఆ పిల్ల కంట పడకూడదని. వాళ్లకి ఆల్బమ్ సంచీలో పెట్టి ఇచ్చి, త్వరగా పంపేశాను. వాళ్లు వెళ్లాక కూడా ఆవిడ వెంటనే రాలేదు. బండి చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, మళ్లీ వచ్చి కూర్చుంది.

కూతురు గడియారం చూస్తోంది. వెనక్కి వెళ్లే పాసింజరు రైలుకి ఇంకా టైముంది, కానీ ఫొటో తీయాలి, పెద్దది చెయ్యాలి, పటం కట్టించాలి. "పోనీలే వదినా, ఆధార్దే పెట్టీసుకుంటాం," అంది. నన్ను ఓదార్చడానికి అంది. అది మరీ భరించలేకపోయాను.

మళ్లీ కంప్యూటర్ లోపలికి వంగాను. బావ మళ్లీ ఊడదీసిన బ్యాటరీ బిళ్ల బల్ల మీదే ఉంది. ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. అయినా మదర్‌బోర్డు మూలన, చీమ తలంత ఆకుపచ్చ లైటు ఒకటి వెలుగుతోంది.

"బావా, ఇదెందుకు వెలుగుతన్నాది?"

"అదెప్పుడూ అంతే. వెలుగుతూనే ఉంటాది."

"బ్యాటరీ బల్ల మీద ఉన్నాది. మరి దీనికి కరెంటెక్కడిది?"

బావ గోడ వైపు చూశాడు. నేనూ చూశాను.

కంప్యూటర్ ప్లగ్గు ఉన్న బోర్డులోనే దేవుడి పటం ముందు ఎర్ర బల్బు ప్లగ్గు ఉంది. రెంటికీ కలిపి ఒకటే స్విచ్చి. కొట్టు తెరిచిన రోజు మా అత్త ఆ బల్బు వెలిగించి, కొట్టున్నంతకాలం ఇది ఆరకూడదని చెప్పింది. పొరపాటున ఎవరైనా ఆపేస్తారని బావ ఆ స్విచ్చి మీద అడ్డంగా టేపు వేశాడు. కరెంటు పోయినా ఇన్వర్టర్ ఉంది. ఆ స్విచ్చిని ఆ రోజునుంచి ఎవరూ ముట్టుకోలేదు. మేం కంప్యూటర్ ఆపామని అనుకోవడమే గానీ, దానికి కరెంటు ఏనాడూ పూర్తిగా ఆగలేదు. బిళ్ల పీకినా లోపల ఆ కాస్త కరెంటు మీదే బావ పెట్టిన వేగాలన్నీ అది గుర్తుపెట్టుకునే ఉంది.

"ఆపు," అన్నాను.

"దేవుడి దీపమే..."

"ఆపు బావా."

ఆయన కదల్లేదు. అసలే ఆ రోజు ఆయనకి అన్నీ అపశకునాలు. నేను లేచి టేపు గోటితో పీకి స్విచ్చి నొక్కేశాను. ఎర్ర బల్బు ఆరిపోయింది. కంప్యూటర్లో ఆకుపచ్చ లైటు కాసేపు మినుకుమని, అదీ ఆరిపోయింది.

"తీగ పీకితే సరిపోయేది కదే," అన్నాడు బావ, నీరసంగా.

నిజమే. కంప్యూటర్ వెనక తీగ పీకితే దీపం జోలికి పోనక్కర్లేదు. ఆ ముక్క ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. "ఈ తెలివి పొద్దున్న ఉండాలి," అన్నాను గానీ, నాకూ లేకపోయిందిగా.

మెట్టు మీంచి చిన్న కేక వినబడింది. ఆవిడ లోపలికి తొంగిచూసింది, పటం చీకటిగా ఉండటం చూసింది.

"అయ్యో! దీపం కూడా ఆరిపోనాది. లేవే పిల్లా, ఎల్లిపోదాం. నా వల్ల ఈల్ల కొట్టు..." అంటూ లేచి, చెప్పుల్లో కాళ్లు పెట్టబోతోంది. పాదం చెప్పులోకి వెళ్లట్లేదు. అంత కంగారు.

నేను బయటికెళ్లి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాను. "నానే ఆపినాను అమ్మా. నా సేత్తో. మీరు కదిల్తే ఊరుకోను." గట్టిగానే అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు. ఆవిడ నా మొహం చూసి మళ్లీ కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. లోపల బావ స్విచ్చి ఎప్పుడు వెయ్యాలా అని నిలబడి ఉన్నాడు. తొందరపడకుండా ఆయన నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. ఈసారి కూడా లేవకపోతే ఈవిడతో ఏం చెప్పాలి?

బావ బిళ్ల బిగించాడు. స్విచ్చి వేశాడు. ఎర్ర బల్బు వెలిగింది. బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి. ఆగుతాయని నేను కళ్లు మూసుకున్నాను. ఆగలేదు.

తెర మీద తెల్లటి అక్షరాలొచ్చాయి. తేదీ తప్పు, టైము తప్పు, ఏదో నొక్కమంటోంది. బావ ఆ నొక్కమన్నది నొక్కాడు. డిస్కులు రెండూ కనబడ్డాయి. పెళ్లిళ్లన్నీ ఊళ్ల పేర్లతో వరసగా ఉన్నాయి. బావ కళ్లు తుడుచుకుని, అది చెమటే అన్నట్టు మెడ కూడా తుడుచుకున్నాడు.

తరవాత నేననుకోనిది ఒకటి చేశాడు. బయటికొచ్చి, ఆవిడ ముందు వంగి, "రా అమ్మా. నువ్వొస్తేనే గాని నాకు తెలీదు, ఆయనెవులో," అన్నాడు.

"బాబూ, పెళ్లిబొమ్మలు..."

"బొమ్మలే కదమ్మా. రా. నాను పిలుస్తన్నాను."

ఆవిడ కుడికాలు పెట్టాలా ఎడంకాలు పెట్టాలా అన్నట్టు గడప దగ్గర తడబడి, ఏదో ఒకటి పెట్టేసి వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు. బల్ల పట్టుకుని నిలబడింది.

బావ భోజనాల దగ్గర మొదలుపెట్టాడు. వరసగా అరిటాకులు. కెమెరా వస్తుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు, కావాలని ఇంకో ముద్ద పెట్టుకునేవాళ్లు. ఆవిడ కళ్లు మిటకరించి చూస్తోంది. "కాదు. కాదు. ఈయన కాదు." బంతి అయిపోవస్తోంది. అన్నిటికీ అడ్డం పెట్టిన ఆ చెయ్యి ఇక్కడ కూడా అడ్డం పెట్టి ఉంటే?

"అదిగో," అంది కూతురు.

బూరెల బేసిన్ చంకనెత్తుకుని, తువ్వాలు తలకి చుట్టుకుని, ఒక ముసలాయన వస్తున్నాడు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కెమెరాని చూశాడు, పట్టుబడిపోయానని తెలుసుకున్నాడు, నవ్వేశాడు. ముందు పళ్లు రెండు లేవు. వద్దంటున్నవాళ్ల ఆకులో కూడా బూరె పడేసి ముందుకి వస్తున్నాడు.

బావ చటుక్కున ఆపాడు. నవ్వు తెర నిండా నిలిచిపోయింది. దివ్యంగా ఉంది, పటానికి అంతకంటే ఏం కావాలి.

"ఆపకు బాబూ," అంది ఆవిడ.

"ఆపితేనే గదమ్మా పొటో వస్తాది."

"ఆపకు. ఒకపాలి ఆగిపోనాడు, సాలదేటి? నడవనీ."

బావ మౌసు మీంచి చెయ్యి తీసేశాడు. ముసలాయన మళ్లీ కదిలాడు. ఒక్కొక్క ఆకు దగ్గరా వంగుతూ, లేస్తూ, బంతి చివరిదాకా వెళ్లాడు. అయిపోగానే ఆవిడ మళ్లీ వెయ్యమంది. మళ్లీ వేశాం. కూతురు రైలు సంగతి ఎత్తలేదు. ఆవిడ పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, చప్పుడు కాకుండా ఆపి, ఫొటో తీసుకున్నాం.